ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రపిండాలు వయసుతో చిన్నవవుతాయా?

ప్రశ్న:
మా అమ్మగారికి 67 ఏళ్లు, నాన్నగారికి 70. ఇద్దరికీ బీపీ, షుగరు లేవు. ఇటీవలి స్కానింగులో అమ్మ కుడి మూత్రపిండం 9.1, ఎడమది 9.4 సెంటీమీటర్లనీ, నాన్నవి 10.3, 10.6 అనీ వచ్చాయి. నాన్నకు ఎడమవైపు చిన్న నీటి తిత్తి ఉందని కూడా రాశారు. మూత్రంలో ప్రోటీను ఇద్దరికీ లేదు, రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోసి పంపే వ్యర్థం) ఇద్దరికీ 0.9. అమ్మవి కుంచించుకుపోయాయని ఇంట్లో కంగారు పడుతున్నారు. ఇది వయసు వల్లనా, ఆడవారికి సహజంగానే చిన్నవిగా ఉంటాయా?

మొదటి సమాధానం:
రెండూ నిజమే. ఆడవారి మూత్రపిండాలు సగటున చిన్నవి, అందుకు చాలావరకు కారణం శరీర పరిమాణమే. వయసు సంగతి మాత్రం స్కానింగు కొలతలో అంత తేలిగ్గా కనిపించదు. అమెరికాలో మేయో, క్లీవ్‌లాండ్ క్లినిక్‌లలో మూత్రపిండం దానం చేసిన 1,638 మంది ఆరోగ్యవంతులపై 2017లో ఒక అధ్యయనం వెలువడింది. దానానికి ముందు తీసిన సీటీ స్కానులో వల్కలం (మూత్రపిండపు వెలుపలి పొర) ఘనపరిమాణాన్ని కొలిచి, శస్త్రచికిత్సప్పుడు సూదితో తీసిన ముక్కలో రక్తకేశనాళికా గుచ్ఛాలు (రక్తాన్ని వడపోసే సన్నని నాళాల ఉండలు) ఎంత దట్టంగా ఉన్నాయో లెక్కగట్టి, ఈ రెండింటి నుంచి మొత్తం సంఖ్యను అంచనా వేశారు. 18–29 ఏళ్లవారిలో ఒక్కో మూత్రపిండంలో సుమారు 9,90,000 పనిచేసే గుచ్ఛాలుంటే, 70–75 ఏళ్లవారిలో 5,20,000 మాత్రమే ఉన్నాయి. అంటే ఏ జబ్బూ లేకుండానే దాదాపు సగం పోయాయి. గట్టిపడి చచ్చినవి క్రమంగా శోషించుకుపోతాయి కాబట్టి, ముక్కలో కనిపించే మచ్చలను బట్టి జరిగిన నష్టమంతా తెలియదు. వల్కలం తగ్గుతున్నా నడివయసు దాకా దవ్వ (వల్కలానికి లోపలున్న భాగం) కొంత పెరుగుతుంది కనుక, మొత్తం పరిమాణం దాదాపు 50 ఏళ్ల వరకు నిలకడగానే ఉంటుంది. మామూలు నీటి తిత్తులు వయసుతో పెరుగుతాయి, మగవారిలో మరీ ఎక్కువ.

రెండవ సమాధానం (స్కానింగు గదిలో పనిచేస్తాను):
పై అంకెలను మన ఇళ్లకు నేరుగా వర్తింపజేయకండి. ఆ దాతల్లో అత్యధికులు శ్వేతజాతీయులు, పైగా ఏరి ఎంపిక చేసిన ఆరోగ్యవంతులు. ఇక పొడవు విషయానికొస్తే, ప్రోబు కాస్త ఏటవాలుగా పట్టినా అర సెంటీమీటరు తక్కువ రావచ్చు. నన్నడిగితే ఒక్కసారి కొలతను పట్టుకుని కుంచించుకుపోవడం అనే మాటే వాడకూడదు. రెండువైపులా తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు దాటిందా, వల్కలం పలచబడిందా, కాలేయం కంటే తెల్లగా కనిపిస్తోందా అన్నవే నేను ముందు చూస్తాను. అమ్మగారి ఎత్తెంత?

మొదటి సమాధానమిచ్చిన సభ్యుడు:
క్రియాటినిన్ గురించి చెప్పడం మరిచాను. అది కండరం నుంచి వచ్చేది కాబట్టి, ఇద్దరికీ 0.9 ఉన్నంత మాత్రాన వడపోత సమానమని కాదు. క్రియాటినిన్, వయసు, లింగాన్ని బట్టి వడపోతను అంచనా వేసే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేస్తే నాన్నగారికి నిమిషానికి సుమారు 92 మిల్లీలీటర్లు, అమ్మగారికి 70 వస్తుంది. మూత్రంలో ప్రోటీను లేకుండా ఆ వయసులో 70 ఉంటే దాన్ని జబ్బుగా లెక్కించరు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
అమ్మ ఎత్తు 148 సెంటీమీటర్లు, నాన్నది 170. మీరు అడిగాక పాత కాగితాలు వెతికాను. నాలుగేళ్ల క్రితం అమ్మ కుడి మూత్రపిండం 9.0 అని ఉంది, అంటే ఇప్పటి కొలత కంటే తక్కువే. వల్కలం మందం గురించి రెండు రిపోర్టుల్లోనూ ఏమీ రాయలేదు. ఈసారి వెళ్లినప్పుడు అది అడిగి రాయించుకుంటాను.