అఫర్డబుల్ హౌసింగ్‌కి అప్లై చేసినవాళ్లు, హియరింగ్‌లో మాట్లాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

లక్ష్మి_ఎన్‌జే:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో పదకొండేళ్లుగా ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. మావారు పోయి నాలుగేళ్లయింది. డేకేర్‌లో పని చేస్తూ ఇద్దరు పిల్లల్ని చూసుకుంటున్నాను. జీతంలో సగం పైగా అద్దెకే పోతోంది, ఈసారి రెన్యువల్‌కి మళ్లీ పెంచారు. పిల్లల స్కూలు మారకుండా ఇక్కడే ఉండాలని నా తాపత్రయం. వచ్చే నెల మా టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు ముందుకి ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు వస్తోంది. అందులో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తక్కువ అద్దెకిచ్చే అఫర్డబుల్ యూనిట్లు కొన్ని ఉన్నాయి. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో దాన్ని ఆపాలని పిటిషన్ తిరుగుతోంది. "అలాంటివాళ్లు వస్తే మన స్కూళ్లు పాడవుతాయి" అని రాశారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానని వాళ్లకి గుర్తు లేదేమో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇళ్లకి అప్లై చేయడం ఎలా? ఆ హియరింగ్‌కి నేను వెళ్లి మాట్లాడొచ్చా?

రవి_సౌత్‌జెర్సీ:
లక్ష్మిగారూ, ముందు ఒక మాట. ఆ యూనిట్లు ఎవరో దయతలచి ఇస్తున్నవి కావు. మౌంట్ లారెల్ అని మా వైపు ఒక టౌన్‌షిప్ ఉంది. తరాలుగా అక్కడే బతుకుతున్న నల్లజాతి కుటుంబాలు ఊరు వదలాల్సిన పరిస్థితి వస్తే కోర్టుకెళ్లాయి. వాళ్లలో ముందు నిలబడింది ఎథెల్ లారెన్స్ అనే ఆవిడ. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లని బయటే ఉంచేలా టౌన్లు జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్) రాసుకోకూడదని తీర్పు ఇచ్చింది. టౌన్లు పట్టించుకోకపోతే 1983లో ఇంకా గట్టిగా చెప్పింది. ఒప్పుకోని టౌన్‌ని బిల్డరే కోర్టుకి లాగే దారి అప్పుడే తెరుచుకుంది. 2024లో కొత్త చట్టం వచ్చి, 2025 నుంచి 2035 వరకు ఏ టౌన్ ఎంత బాధ్యత మోయాలో లెక్క తేల్చే పద్ధతి పెట్టింది. మీ ప్రాజెక్టు కూడా బహుశా ఆ లెక్కలోదే.

అప్లై చేయడం గురించి: ఏరియా మధ్యస్థ ఆదాయంలో 50 శాతం లోపు ఉంటే లో ఇన్‌కమ్, 50 నుంచి 80 మధ్య ఉంటే మోడరేట్. కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పరిమితి మారుతుంది. నాకు రాదులే అని ఇంట్లో కూర్చుని మీరే తేల్చేసుకోకండి, మా అక్క రెండేళ్లు అలాగే పోగొట్టుకుంది. రాష్ట్రానికి హౌసింగ్ రిసోర్స్ సెంటర్ అని వెబ్‌సైట్ ఉంది, ఖాళీలు అందులో వస్తాయి. ఇళ్లు లాటరీ తీసి ఇస్తారు. మీ టౌన్ ఒక్కటే చూడకండి. మీరు ఉండే, పనిచేసే రీజియన్‌లో ఎక్కడ లాటరీ ఉన్నా వేయండి.

పద్మ_బోస్టన్:
మా అమ్మది చెప్తాను, పెద్దవాళ్లున్న వాళ్లకి పనికొస్తుంది. 62 దాటిన, ఆదాయం బాగా తక్కువున్న వాళ్లకి సెక్షన్ 202 అని ఫెడరల్ ప్రోగ్రామ్ ఉంది, 1959 నుంచి ఉంది. అమ్మకి సిటిజన్‌షిప్ వచ్చాక ఆ బిల్డింగులకి అప్లై చేశాం. సాధారణంగా లెక్కలోకి వచ్చే ఆదాయంలో 30 శాతం దాకా అద్దె కట్టాలి, మిగతాది ప్రభుత్వం సర్దుతుంది. కానీ వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి. మధ్యలో మేం ఇల్లు మారాం. ఇంకా లిస్టులో ఉంటారా అని అడిగే ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్లింది. జవాబు రాలేదని పేరు తీసేశారు. మూడేళ్ల నిరీక్షణ ఒక్క కవరుతో పోయింది. అమ్మ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధేసింది. మళ్లీ మొదటినుంచి అప్లై చేసి, ఐదు చోట్ల పేరు రాయించి, ఒక పుస్తకంలో తేదీలన్నీ రాసుకుని, ఆరు నెలలకోసారి ఫోన్ చేస్తూ వచ్చాను. పోయిన ఏడాది వచ్చింది.

ఇంకోటి, గుంటూరులో అమ్మ పేరున ఉన్న స్థలం కూడా ఆస్తుల్లో రాయాలి. ఇక్కడివాళ్లకి ఎలా తెలుస్తుందిలే అని దాచకండి, తర్వాత బయటపడితే ఇల్లే పోతుంది. అప్లికేషన్‌కి డబ్బులిస్తే లిస్టులో ముందుకి జరుపుతామని ఎవరైనా అంటే అది మోసం.

సుధీర్_బేఏరియా:
సెక్షన్ 8 వోచర్ (ప్రైవేటు ఇంటి అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) గురించి అడగలేదుగానీ చెప్తున్నా, ఎందుకంటే అందరూ మొదట వినేది అదే. అర్హత ఉన్న ప్రతివాళ్లకీ వచ్చే హక్కు కాదు అది. కాంగ్రెస్ ఏటా ఎంత డబ్బు కేటాయిస్తే అంతే. ఫెడరల్ అద్దె సాయానికి అర్హులైన నాలుగు కుటుంబాల్లో ఒక్కదానికే అది అందుతోంది. 2021లో కోవిడ్ ప్యాకేజీ కింద 70,000 అత్యవసర వోచర్లు ఇచ్చారు. ఆ నిధులు అనుకున్నదానికన్నా ముందే అయిపోవచ్చాయి, ఆ కుటుంబాల టెన్షన్ ఏంటో ఆలోచించండి. అందుకే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసేటప్పుడు "హౌసింగ్ బాగు చేయండి" అని వదిలేయకండి, "ఈ ఏడాది బడ్జెట్‌లో వోచర్ల రెన్యువల్‌కి పూర్తి నిధులివ్వండి" అని అడగండి.

మా పిల్లల్ని చూసుకునే ఆంటీకి తొమ్మిదేళ్లకి వోచర్ వచ్చింది. వచ్చాక ఇల్లు వెతుక్కోవడానికి ఆవిడకి 60 రోజులే ఇచ్చారు. ఒక మేనేజరు "మేం సెక్షన్ 8 తీసుకోం" అని ముఖం మీదే చెప్పాడు. కాలిఫోర్నియాలో 2020 నుంచి అలా అనడం చట్టవిరుద్ధం. ఆ చట్టం కాపీ పట్టుకుని నేనూ ఆవిడా మళ్లీ వెళ్లాం. ఇల్లు ఇచ్చారు. ఆ రోజు ఆవిడ కార్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

సుబ్బు_డాలస్:
సుధీర్ అన్నా, మా టెక్సాస్‌లో సంగతి దాదాపు తిరగేసి ఉంటుంది. వోచర్ ఉందని ఇల్లు నిరాకరించకూడదని నగరాలు రూల్ పెట్టకుండా 2015లో రాష్ట్రమే చట్టం చేసింది. కాబట్టి మా కౌన్సిల్ మెంబర్‌ని ఎంత బతిమాలినా లాభం లేదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లాల్సిందే. అక్కడ లెజిస్లేచర్ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది. పొద్దున్నే వెళ్లి సాక్షిగా పేరు నమోదు చేసుకుంటే నా వంతు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. మాట్లాడింది రెండు నిమిషాలు. అయినా 2025లో పెద్ద నగరాల్లో కమర్షియల్ స్థలాల్లో రీజోనింగ్ లేకుండా అపార్ట్‌మెంట్లు కట్టుకోనిచ్చే బిల్లు పాసయింది. అది నా రెండు నిమిషాల వల్ల కాదు, కానీ ఆ హాల్లో నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది కూర్చున్నారు.

వాసు_హెచ్1బి:
నాకు ఓటు లేదు. ఇలాంటివాటిలో మాట్లాడితే వీసాకి ఇబ్బందా?

రవి_సౌత్‌జెర్సీ:
వాసూ, టౌన్ మీటింగ్‌లో మాట్లాడడానికి, సెనేటర్‌కి ఉత్తరం రాయడానికి ఓటు అక్కర్లేదు. మీరూ ఆ నియోజకవర్గంలో ఉండేవాళ్లే. ఎన్నికల్లో అభ్యర్థులకి డబ్బు మాత్రం ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు వచ్చేదాకా. వీసా విషయంలో సందేహముంటే మీ లాయర్‌ని ఒక మాట అడగండి. ఇక్కడ ప్లానింగ్ బోర్డులో మాట్లాడేముందు పేరు, అడ్రస్ చెప్పి ప్రమాణం చేయిస్తారు, భయపడకండి.

శ్రీను_అసోసియేషన్:
మా తెలుగు సంఘంలో ఈ మాట ఎత్తితే "మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, రాజకీయాలు వద్దు" అన్నారు. అభ్యర్థిని బలపరచడమే నిషేధం. ఒక బిల్లు గురించి మాట్లాడడం కొంత పరిధిలో చెల్లుతుంది. ఇది అకౌంటెంట్‌తో చెప్పించాక కమిటీ ఒప్పుకుంది.

విజయ_ఎన్‌జే:
రెండు రోజులుగా చదువుతూ ఆగిపోయాను. లక్ష్మిగారూ, మా టౌన్‌లో ఇలాంటి పిటిషన్ మీద నేను సంతకం పెట్టాను. అప్పుడు ట్రాఫిక్ అన్నాను, స్కూల్లో పిల్లలెక్కువవుతారన్నాను. కట్టిన తర్వాత అందులోకి ఎవరొచ్చారో చూశాను. మా బస్సు డ్రైవరు, మా డెంటిస్ట్ ఆఫీసులో రిసెప్షనిస్ట్, ఒక తెలుగు ముసలి జంట. ఆ ముసలావిడ ఇప్పుడు మా ఇంటికి గోంగూర పంపిస్తుంది. నేను ఎవరిని ఆపబోయానో అప్పుడు నాకు తెలియదు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మీ టౌన్ పక్కదే అయితే నేను వస్తాను, ఒకప్పుడు వద్దన్నదాన్నని చెప్పి మాట్లాడతాను.

ట్రాఫిక్ భయం పూర్తిగా అబద్ధం కాదు. దాన్ని కొట్టిపారేస్తే వినేవాళ్లు కూడా వినరు. సిగ్నల్, స్కూల్ బస్ స్టాప్ ఎక్కడ పెడతారని బిల్డర్‌ని అడగండి, ఇళ్లు వద్దనకుండా.

లక్ష్మి_ఎన్‌జే:
నిన్న హియరింగ్ అయింది. అందరికీ చెప్పాలని కూర్చున్నాను. పద్మగారు చెప్పినట్టు పుస్తకం పెట్టాను, ఇప్పటికి నాలుగు లాటరీల్లో పేరు వేశాను.

హాలు నిండిపోయింది. వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లలో మా గ్రూపువాళ్లు ముగ్గురున్నారు. నా వంతు వచ్చేసరికి కాగితం పట్టుకున్న చేయి వణికింది. పేరు, అడ్రస్ చెప్పాను. "మీ పిల్లల్ని పొద్దున ఏడింటికి తీసుకునేది నేనే. సాయంత్రం ఆరున్నరకి నేను ఈ టౌన్‌లోనే ఇంటికి వెళ్లాలనుకుంటున్నాను" అన్నాను. రాసుకున్న మిగతా అంకెలన్నీ మర్చిపోయాను. వెనక విజయగారు లేచి తన సంగతి చెప్పారు. ఆ ముగ్గురిలో ఒకావిడ బయట పార్కింగ్‌లో నా దగ్గరికొచ్చి "మీరు గ్రూపులో ఉన్నారని చూసుకోలేదండీ" అని చేయి పట్టుకుంది. ఆవిడ బాబు నా క్లాసులోనే ఉన్నాడు.

బోర్డు ఇంకా ఓటు వేయలేదు. ట్రాఫిక్ రిపోర్టు మీద ప్రశ్నలు మిగిలాయని వచ్చే మీటింగ్‌కి వాయిదా వేశారు. మూడో మంగళవారం, రాత్రి ఏడింటికి. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా రాగలిగితే నాకు మెసేజ్ పెట్టండి, కార్లో ఇంకా ఇద్దరికి చోటుంది.