రంగుల డక్ట్ టేపుతో ప్రయాణాల పర్సు: లోపలి అరలు జిగురెక్కి నోట్లు అంటుకుపోతున్నాయి

పర్లాకిమిడి టీచరు అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఒక బడిలో తెలుగు, డ్రాయింగు చెబుతాను. వేసవి సెలవుల్లో మా వీధి పిల్లల చేత ఏదో ఒక చేతిపని చేయించడం నాకు అలవాటు. ఈసారి రంగుల డక్ట్ టేపుతో ప్రయాణాలకు పనికివచ్చే పర్సు చేయిద్దామనుకొని, ముందుగా నాకోసం ఒకటి చేసి చూశాను. టికెట్టు కాగితం, ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, ఖర్చుకు కొన్ని నోట్లు అన్నీ ఒకేచోట ఉండాలని, బస్సు దిగి రైలు ఎక్కేలోపు వాన పడినా తడవకూడదని నా ఆలోచన.

పైభాగానికి రెండంగుళాల వెడల్పున్న ఎరుపు, వెండి రంగు టేపులు వాడాను. మా ఊరి దుకాణంలో ఆ వెడల్పులో వేరే రంగులు దొరకలేదు. పసుపు, ఆకుపచ్చ, నీలం కావాలంటే దుకాణదారు చిన్న రోళ్ళు ఇచ్చాడు. అవి ముప్పావు అంగుళం వెడల్పు ఉంటాయి, లాగితే రబ్బరులా కొంత సాగుతాయి. లోపలి అరలన్నీ వాటితోనే చేశాను. ముడతలు పడకుండా ఉండాలని ప్రతి పట్టీనీ లాగి బిగుతుగా అంటించాను. చూడడానికి పర్సు ముచ్చటగానే వచ్చింది.

పోయిన వారం గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చొని వెళ్ళాను. ఎండ ఒళ్ళో పడుతూనే ఉంది. నౌపడ దాటాక టీ కొందామని పర్సు తెరిస్తే, రెండు ఇరవై రూపాయల నోట్లు అర గోడకు అంటుకుపోయి ఉన్నాయి. మెల్లగా లాగితే పనసపండు కోసినప్పటిలా జిగురు తీగలు సాగింది. ఒక నోటు అంచు చిరిగింది. అంతకన్నా వింత ఏమిటంటే, అదే అరలో పెట్టిన బస్సు టికెట్టు మీద అక్షరాలు సగం మాయమయ్యాయి.

తప్పు ఎండదా, టేపుదా, నా చేతిదా అన్నది నాకు తెలియడం లేదు. పర్సు ఏ కొలతల్లో ఉంటే బాగుంటుందో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు. ఎనిమిది మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు.

రాయగడ హార్డ్‌వేరు దుకాణం వారి జవాబు:

టీచరుగారికి నమస్కారం. మీరు వివరంగా రాయడం వల్ల జబ్బు తెలిసిపోయింది. లోపల వాడినది డక్ట్ టేపు కాదు. ముప్పావు అంగుళం వెడల్పుతో, లాగితే సాగే ఆ రంగుల రోళ్ళు కరెంటు తీగలకు చుట్టే ఇన్సులేషన్ టేపు. మా దుకాణానికి కూడా "రంగుల టేపు ఇవ్వండి" అంటూ వచ్చేవారికి పదిమందిలో ఎనిమిది మందికి మా కుర్రాడు అదే తీసి ఇస్తాడు. రంగులు ఎక్కువగా ఉండేది అందులోనే కదా.

రెండింటి తయారీ వేరు. డక్ట్ టేపులో మూడు పొరలుంటాయి. పైన పాలిథీన్, మధ్యలో సన్నని గుడ్డ అల్లిక, అడుగున రబ్బరు జిగురు. ఆ గుడ్డ ఉండబట్టే అది సాగదు, కత్తెర లేకుండా చేత్తో అడ్డంగా తిన్నగా చిరుగుతుంది. కొనేటప్పుడు ఇదే పరీక్ష: అంచు చిరిగిన చోట నూలుపోగులు కనిపించాలి. ఇన్సులేషన్ టేపులో గుడ్డ ఉండదు, అది పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీని మెత్తగా ఉంచడానికి ఒక రకమైన నూనె లాంటి పదార్థం కలుపుతారు. వేడికి అది బయటికి ఊరి జిగురును మరింత పలచబరుస్తుంది. మీరు లాగి అంటించిన పట్టీ ఎండకు మళ్ళీ ముడుచుకొని, అంచు దగ్గర సన్నని గీతలా జిగురును బయటపెడుతుంది. మీ నోట్లు అంటుకున్నది ఆ గీతకే. కండక్టరు మిషను నుంచి వచ్చే టికెట్టు వేడితో అచ్చయ్యే కాగితం. ఆ నూనె తగిలితే దాని మీద అక్షరాలు వెలిసిపోతాయి. ఏటీఎం స్లిప్పుకు కూడా అదే గతి పడుతుంది. కాబట్టి మీ చేతి తప్పు ఒక్కటే, లాగడం. మిగిలినదంతా దుకాణదారుదే.

అలాగని అసలైన డక్ట్ టేపు ఎండకు పూర్తిగా తట్టుకుంటుందని నేను చెప్పను. పేరులో డక్ట్, అంటే గాలి గొట్టం, ఉన్నా, వేడిగాలి గొట్టాల అతుకులకు అది పనికిరాదని అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వారు 1998లోనే పరీక్షించి చెప్పారు. రబ్బరు జిగురుకు వేడి పడదు. అందుకని పర్సు చేసేటప్పుడు ఎక్కడా జిగురు బయటికి కనిపించకుండా చూసుకోవడమే మొత్తం పని. జిగురు ముఖం మీద మరో టేపు జిగురు ముఖం పడాలి, లేదా గుడ్డ పడాలి. పట్టీని లాగకూడదు. పరిచి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో రుద్దాలి.

కొలతల విషయానికి వస్తాను. ఐదువందల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66. వంద నోటు 142, ఇరవై నోటు 129. టికెట్టు అచ్చు తీసిన ఎ4 కాగితాన్ని నాలుగు మడతలు పెడితే 105 వెడల్పు, 148 పొడవు వస్తుంది. పాస్‌పోర్టు 88 వెడల్పు, 125 పొడవు. అంటే 155 మిల్లీమీటర్ల ఎత్తు, 115 వెడల్పు ఉన్న రెక్కలో ఇవన్నీ నిలువుగా మడత లేకుండా ఒదుగుతాయి. అలాంటి రెక్కలు రెండు, మధ్యలో మడతకు ఒక సెంటీమీటరు, అంతా కలిపి 24 సెంటీమీటర్ల పొడవు, 15.5 సెంటీమీటర్ల ఎత్తు గల ఒక పలక చేసుకోండి.

నున్నని టైల్సు గచ్చు మీద 25 సెంటీమీటర్ల పట్టీని జిగురు కిందికి వచ్చేలా మెల్లగా పరచండి. టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లు. రెండో పట్టీ మొదటి దానిమీద 6 మిల్లీమీటర్లు ఎక్కేలా వేయండి. నాలుగు పట్టీలకు 174 మిల్లీమీటర్లు వస్తుంది, అది చాలు. ఆ పలకను మొత్తంగా ఊడదీసి, జిగురు పైకి తిప్పి, దానిమీద రెండో వరుస పట్టీలు వేయండి. ఇక్కడ తాపీమేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు అతుకు మీద అతుకు పడకుండా సగం పట్టీ జరిపి మొదలుపెట్టాలి. చాలామంది ఇది పట్టించుకోరు, నెలకల్లా అతుకు దగ్గర విచ్చుకుంటుంది. తరువాత ఉక్కు స్కేలు ఆనించి కట్టరుతో కొలతకు కోయాలి. పిల్లల చేతికి కట్టరు ఇవ్వకండి, ఆ ఒక్క పని మీరే చేయండి. కత్తెరకు జిగురు పట్టితే కొబ్బరినూనె రాసి తుడిస్తే పోతుంది.

నోట్ల అరకు మూడు పట్టీలతో ఇలాగే రెండు ముఖాల ముక్క చేస్తే దాని ఎత్తు 132 మిల్లీమీటర్లు వస్తుంది. ఐదువందల, వంద నోట్ల తల పైకి కనిపిస్తూ వేళ్ళకు అందుతుంది. కార్డుల అరకు కొలతే అక్కర్లేదు. కార్డు 85.6 పొడవు, 54 ఎత్తు. ఒక్క పట్టీ మీద ఇంకొక పట్టీ జిగురుకు జిగురు అంటిస్తే 48 ఎత్తున్న గోడ దానంతట అదే తయారవుతుంది. కార్డు ఆరు మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. ఆధార్ పీవీసీ కార్డుకు కూడా ఇదే సైజు. అంచులకు మాత్రం పట్టీని పొడవునా రెండుగా చీల్చి, సగం ముందువైపు, సగం వెనకవైపు వచ్చేలా మడిచి వేయండి.

ఒక పర్సుకు మూడున్నర మీటర్లకు కాస్త పైన పడుతుంది. ఎనిమిది మందికి 10 మీటర్ల రోళ్ళు మూడు బొటాబొటిగా సరిపోతాయి. పిల్లల సంగతి తెలుసు కాబట్టి నాలుగు కొనండి.

బరంపురం టైలరమ్మ జవాబు:

చెల్లెమ్మా, పై వారు చెప్పినది బాగానే ఉంది కానీ, లోపల కూడా ప్లాస్టిక్కే ఎందుకమ్మా? నేను ముప్పై ఏళ్ళుగా మిషను కుడుతున్నాను. సంచికైనా పర్సుకైనా లైనింగు గుడ్డ ఉంటేనే పదికాలాలు మన్నుతుంది. మొదటి వరుస నాలుగు పట్టీలు పరిచి జిగురు పైకి తిప్పాక, రెండో వరుస టేపుకు బదులు పాత నేత చీర ముక్కనో, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కనో ఇస్త్రీ చేసి దానిమీద పరవండి. సగం టేపు మిగులుతుంది, నోటు అంటుకునే ప్రశ్నే ఉండదు. మా ఊరు పట్టుకు పేరు కాబట్టి పట్టు ముక్కలు వాడమని చెబుతానని అనుకుంటారేమో, అవి వద్దు. అంచులు పోగులు ఊడతాయి, జిగురు మీద జారి ముడతపడతాయి.

ఇంకొక మాట. బలం కోసమని టేపు మీద మిషను కుట్టు వేయించకండి. ఒకాయన తెచ్చిస్తే నేను ఒకసారి వేశాను. సూది గుచ్చిన ప్రతిసారీ జిగురు పట్టి దారం నాలుగు వేళ్ళకొకసారి తెగింది. కుట్టు పూర్తయ్యాక చూస్తే, సూది రంధ్రాల వెంబడే తపాలా బిళ్ళలా చిరిగి చేతికి వచ్చింది.

జయపురం విద్యార్థి జవాబు:

మేడమ్, నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. రెండు చిన్న విషయాలు చెప్పాలని ఉంది.

ఏటీఎం కార్డు మీద అలల గుర్తు ఉంటే అది తాకకుండానే చెల్లింపు చేసే కార్డు. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు పిన్ను అడగకుండానే చెల్లింపు జరగవచ్చు. కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే అది పనిచేస్తుంది కానీ, రద్దీ రైలులో భయపడేవారు పలక రెండు పొరల మధ్య వంటింటి అల్యూమినియం ఫాయిల్ పెట్టుకోవచ్చు. ఆ కార్డు 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలతో మాట్లాడుతుంది, ఫాయిల్ వాటిని అడ్డుకుంటుంది. రెండు రెక్కలకూ విడివిడిగా ముక్కలు పెట్టాలి. మడత మీదుగా ఒకే ముక్క వేస్తే నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. నా మటుకు నేను బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యమే ఆపేశాను, ఫాయిల్ ఖర్చు కూడా లేదు.

రెండోది దుమ్ము. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద తమ బండి మడ్‌గార్డు విరిగితే డక్ట్ టేపుతో అతికించారు. అక్కడి ధూళి వల్ల అది నిలవక ఊడిపోయింది. మరుసటి రోజు నాలుగు మ్యాపు కాగితాలను టేపుతో కలిపి మడ్‌గార్డులా చేసి, బిగింపులతో పట్టించాల్సివచ్చింది. కాబట్టి గచ్చును తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే పట్టీలు పరిపించండి. పిల్లలు మధ్యలో మిక్చరు తిని అవే చేతులతో రాకుండా చూసుకోండి.

రాయగడ హార్డ్‌వేరు దుకాణం వారు మళ్ళీ:

టైలరమ్మగారి గుడ్డ ఆలోచనను నేను కాదనను, కానీ టీచరుగారు మొదటే వాన అన్నారు. లోపల మొత్తం గుడ్డ ఉంటే పైఅంచు నుంచి దిగిన తడి లోపలే నిలుస్తుంది, మన వానాకాలంలో ముక్కవాసన వస్తుంది. నా మాట ఏమిటంటే, నోట్ల అర గోడలకు మాత్రం గుడ్డ వేసి, కార్డుల వైపు టేపే ఉంచండి. గుడ్డను అన్ని వైపులా అర సెంటీమీటరు లోపలికి తగ్గించి కోస్తే, అంచు పట్టీ టేపును నేరుగా పట్టుకుంటుంది. పని అంతా ముగిశాక అతుకుల వెంబడి చిటికెడు టాల్కం పౌడరు రుద్ది దులపండి. ఎక్కడైనా ఊరిన జిగురు ఉంటే దాని నోరు మూతపడుతుంది. జయపురం కుర్రాడు చెప్పినట్టు దుమ్ము శత్రువే కాబట్టి పౌడరు డబ్బా ముందు తెరవకండి, అన్నిటికంటే చివర తెరవండి.

పర్లాకిమిడి టీచరు:

అన్నయ్యగారికి, అక్కగారికి, బాబుకు కృతజ్ఞతలు. నిన్న ఆదివారం రెండో పర్సు చేశాను. దుకాణానికి వెళ్ళి ముందుగా రోలు అంచు చించి చూపించమన్నాను. దుకాణదారు విసుక్కున్నా చించాడు, తెల్లని నూలుపోగులు కనిపించాయి. పసుపు, నీలం రంగులు ఆ వెడల్పులో లేకపోవడంతో బరంపురం వెళ్ళే మా మరిది చేత తెప్పించుకున్నాను. కార్డుల అర ఒక్క పట్టీ ఎత్తుతో సరిపోతుందన్న మాట చదివినప్పుడు నమ్మలేదు కానీ, ఆధార్ కార్డు పెట్టి చూస్తే పైన సరిగ్గా పట్టుకునేంత అంచు మాత్రమే మిగిలింది.

నోట్ల అరకు మా అమ్మ పాత నేత చీర ముక్క వేశాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు నాలుగు పది రూపాయల నోట్లు, ఒక బస్సు టికెట్టు లోపల పెట్టి, పర్సును వంటింటి రేకుల కప్పు మీద ఉంచాను. తీసినప్పుడు చేయి కాలింది. నోట్లు నాలుగూ పొడిగా జారి వచ్చాయి. టికెట్టు మీద అక్షరాలు ఉన్నాయి. అయితే వేడికి కాగితమే ఒక మూల నల్లబడింది, అది టేపు తప్పు కాదు. కుడివైపు కింది మూలలో మాత్రం చిన్న జిగురు చుక్క ఊరింది. అంచు పట్టీ మడిచేటప్పుడు నేను మళ్ళీ అలవాటుగా లాగిన చోటు అదే. దానిమీద పౌడరు రుద్దాను. పిల్లలకు మాత్రం పట్టీ పరిచాక రెండు చేతులూ పైకి ఎత్తమని చెప్పాలనుకుంటున్నాను, అప్పుడు లాగడానికి వీలుండదు.