వెనక కాలి కీలు వాచిన ఎలుకని ప్రయోగంలో ఉంచొచ్చా?

కోనసీమ_ఫార్మసీ:
అందరికీ నమస్కారం. నేను ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ. మా యానిమల్ హౌస్‌లో స్విస్ అల్బినో మైస్ (ప్రయోగాలకి పెంచే తెల్ల చిట్టెలుకలు) ఉన్నాయి, అన్నీ మగవే, కేజ్‌కి ఐదేసి. నిన్న కేజ్‌లో పరిచిన ఊక మారుస్తుంటే ఒకటి ఎడమ వెనక కాలు పైకెత్తి మూడు కాళ్ల మీద గెంతుతోంది. పట్టుకుని చూస్తే పాదం బాగానే ఉంది, మడమ దగ్గర కీలు మాత్రం ఎర్రగా ఉబ్బిపోయింది. పుండు లేదు, రక్తం లేదు. వచ్చే వారం కారాజీనన్ (కావాలని వాపు తెప్పించే పదార్థం) పాదానికి ఇచ్చి, వాపు ఎంతో కొలవాలి. ఇంజెక్షన్ కుడి పాదానికే కదా, ఎడమ కాలు ఎలా ఉంటే ఏంటి అంటున్నాడు మా సీనియర్. నాకు మనసొప్పట్లేదు. తాగే నీళ్లలో కాస్త డైక్లోఫినాక్ (నొప్పి, వాపు తగ్గించే మందు) కలిపితే తగ్గుతుందా? టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_వెట్:
డైక్లోఫినాక్ జోలికి పోకండి తల్లీ. పాతిక ముప్పై గ్రాముల ప్రాణి, నొప్పితో ఉన్నప్పుడు నీళ్లు ఎంత తాగుతుందో తెలీదు, ఇంక డోసు లెక్క ఎక్కడ? పైగా మీరు కొలవబోయేదే వాపు. మీ యానిమల్ హౌస్ డాక్టర్‌కి ఇవాళే చెప్పండి, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు ఇవ్వాలా వద్దా అనేది ఆయన తూకం చూసి తేలుస్తారు. కట్టు కట్టకండి, కొరికి పారేస్తుంది. విడిగా పెట్టి, మేత నానబెట్టి నేల మీదే వేయండి, సీసా గొట్టం అందేంత కిందికి ఉండాలి. రోజూ తూచండి. బరువు 20 శాతం పడిపోయినా, పాదం నల్లబడినా ఇంక లాగకూడదు, దానికి బాధ లేకుండా ముగించాల్సిందే.

భీమవరం_టెక్నీషియన్:
మందు సంగతి తర్వాతండి, ముందు కేజ్ తీగల మూత చూడండి. ఇవి రాత్రంతా తీగలు పట్టుకుని వేలాడతాయి, తీగ విడిపోయిన చోట పాదం ఇరుక్కుంటే ఒంటి బరువంతా ఆ కీలు మీదే పడి మెలి తిరుగుతుంది. రెండోది, మిల్లు నుంచి ఊక గోనె సంచుల్లో వస్తుంది కదా, ఆ నార పోగు కాలికి చుట్టుకుందేమో లెన్స్ పెట్టి చూడండి. వెంట్రుకల్లో కలిసిపోతుంది, కంటికి ఆనదు. మగవి కొట్టుకుంటే గాట్లు ఎక్కువగా తోక మీద, నడుము మీద ఉంటాయి.

ఒక్క కాలే అయితే దెబ్బ అనుకోవచ్చు. రెండు మూడు కాళ్లు వాచినా, పక్క కేజ్‌లో కూడా కుంటుతున్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. స్ట్రెప్టోబాసిల్లస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, పెద్ద ఎలుకల గొంతులో ఊరికే ఉంటుంది, వీటికి సోకితే కీళ్లు పట్టేస్తాయి, కరిస్తే మనకీ జ్వరం. మన మిల్లు గోడౌన్లలో ఎలుకలకీ పందికొక్కులకీ కరువా? ఊక ఆటోక్లేవ్ చేయకుండా (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపకుండా) వేయొద్దు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

రాజమండ్రి_గైడ్:
మీ సీనియర్ మాట వినకండి. ఒక కీలు వాచి ఉంటే ఒంట్లో అప్పటికే వాపు ప్రక్రియ నడుస్తోంది, ఇక కుడి పాదం రీడింగ్ దేనివల్లో ఎలా చెబుతారు? అదీగాక, బాగున్న ఒక్క వెనక కాలునీ మీరే పాడుచేస్తే అది దేని మీద నిలబడుతుంది? గ్రూపులు వేయకముందే తీసేయండి, ఎందుకు తీశారో రిజిస్టర్‌లో రాయండి. ఇంకోటి కావాలంటే ఐఏఈసీ (సంస్థలో జంతు ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ) అనుమతిచ్చిన సంఖ్యలోంచే, చెప్పకుండా మార్చొద్దు.

కోనసీమ_ఫార్మసీ:
అందరికీ థాంక్సండి. పోగు ఏమీ లేదు. మూత మూలన మాత్రం రెండు తీగలు విడిపోయి ఉన్నాయి, పక్క కేజ్ మూత కూడా అంతే, రెండూ మార్పించాం. డాక్టర్‌గారు రేపు వస్తారు. తగ్గాక పాత కేజ్‌లో కలిపేయొచ్చా?

భీమవరం_టెక్నీషియన్:
వద్దు. వేరుచేసిన మగదాన్ని మళ్లీ కలిపితే మిగతావి ఊరుకోవు. గూడుకి టిష్యూ పేపర్ వేసి విడిగానే ఉంచండి.