కంపెనీ నష్టాల్లో ఉంది: ముందే మారాలా, సెవరెన్స్ వచ్చేదాకా ఆగాలా?

వింధ్య (చర్చ మొదలుపెట్టినవారు)

రెండు విడతల లేఆఫ్‌లు అయిపోయి, కొత్త నియామకాలు ఆగిపోయి, మూడో విడత తప్పదని అందరికీ తెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించి మాట్లాడుకుందాం. అలాంటి చోట రెండు మాటలు వినిపిస్తాయి. "రాజీనామా ఇస్తే చేతికి ఏమీ రాదు, వాళ్లే తీసేస్తే సెవరెన్స్‌గా కొన్ని నెలల జీతం వస్తుంది, ఆగు" అని ఒకటి. "ఆగితే ఒకేరోజు వందల మంది మార్కెట్‌లో పడతారు, ముందే వెళ్లు" అని ఇంకొకటి. వీటిలో ఏది నిలబడుతుందో లెక్కలు చూపించి చెప్పండి.

ఖాతాపుస్తకం

ముందే మారాలి. సెవరెన్స్ ఎంత ఇస్తామని రాసిచ్చినా, కంపెనీ చేతిలో నగదు ఉన్నంతవరకే అది నిజం. కెనడా టెలికాం పరికరాల కంపెనీ నార్టెల్ 2009 జనవరి 14న దివాలా రక్షణకు వెళ్లింది. అంతకుముందే ఉద్యోగం పోయి వాయిదాల్లో సెవరెన్స్ తీసుకుంటున్నవాళ్లకు ఆ చెల్లింపులు ఆగిపోయాయి. మిగతా అప్పులవాళ్లతో పాటు వాళ్లూ వరసలో నిలబడాల్సి వచ్చింది. 2011లో ఆ కంపెనీ పేటెంట్లే 450 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయాయి. అయినా పంపకాల వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది.

అందుకే ముందు రన్‌వే, అంటే చేతిలోని నగదు ఎన్ని నెలలకు సరిపోతుందో, లెక్కేయండి. లిస్టెడ్ కంపెనీ అయితే నగదు ప్రవాహ పట్టిక బయటే దొరుకుతుంది. చేతిలో 6 కోట్ల డాలర్లు ఉండి, నెలకు నికరంగా 50 లక్షలు కరుగుతుంటే 12 నెలలు అనిపిస్తుంది. కానీ రుణ ఒప్పందంలో "ఎప్పుడూ కనీసం 2 కోట్లు నిల్వ ఉండాలి" అనే షరతు ఉంటే? ఆ గీత దాటిన రోజు నుంచే అప్పు మొత్తం వెంటనే కట్టమని బ్యాంకు అడగగలదు. అంటే అసలు రన్‌వే 8 నెలలే. ఒక్క త్రైమాసికం చూసి కూడా తేల్చకండి. ఏడాది చందాలు రెన్యువల్ అయ్యే త్రైమాసికంలో నగదు ఉబ్బినట్టు కనిపిస్తుంది, కాబట్టి వరసగా నాలుగు చూడాలి. మూడేళ్ల డబ్బు ముందే కడితే భారీ డిస్కౌంట్ ఇస్తామని సేల్స్ వాళ్లు కస్టమర్ల వెంటపడుతున్నారంటే, రేపటి ఆదాయాన్ని ఇవాళ జీతాలకు వాడుతున్నారన్నమాట.

నిదానం

ఖాతాపుస్తకం గారూ, మీరు రెండు వేర్వేరు జబ్బులను ఒకటి చేస్తున్నారు. నగదు అయిపోతున్న కంపెనీ వేరు, వ్యాపారం కుంచించుకుపోతున్నా నగదున్న కంపెనీ వేరు. రెండో రకంలో సెవరెన్స్ వస్తుంది. కంపెనీ కోలుకోవడం కూడా జరుగుతుంది. చిప్‌ల కంపెనీ ఏఎండీ 2014 అక్టోబరులో 7 శాతం మందిని తగ్గించింది, 2015లో షేరు 2 డాలర్లకన్నా దిగువకు వెళ్లింది. కొత్త ప్రాసెసర్ కోర్ డిజైన్‌ను మాత్రం ఆపలేదు. 2017 మార్చిలో రైజన్ ప్రాసెసర్లు బయటికొచ్చాక కథే మారిపోయింది. కోతలు వేస్తూనే వచ్చే తరం ఉత్పత్తికి డబ్బు ఆపకుండా ఉన్నారా, లేదా? ఉద్యోగి చూడాల్సింది అది. మార్కెటింగ్, ఆఫీసు స్థలం, పక్క ప్రాజెక్టులు కోసేస్తే ఆశ ఉంది. ప్రధాన ఉత్పత్తి టీమ్‌నే కోస్తే లేదు.

సెవరెన్స్ లెక్కకు వద్దాం. సర్వీసు ఏడాదికి రెండు వారాల జీతం అనుకుందాం. పదేళ్లున్న మనిషికి 20 వారాలు. అది చిన్న మొత్తం కాదు, ఆగడంలో అర్థముంది. రెండేళ్లున్న మనిషికి 4 వారాలే. దానికోసం ఆగడం దండగ. అందరికీ ఒకే సలహా పనికిరాదు.

ఖాతాపుస్తకం

సర్వీసును బట్టి మారుతుందన్నది ఒప్పుకుంటాను. కానీ రెండు చేర్చండి. మొదటి విడతకు ఇచ్చిన ప్యాకేజీ మూడో విడతకు ఉంటుందని నమ్మకం లేదు, లేఆఫ్ ఖర్చు కూడా ఆ నగదులోంచే పోతుంది. రెండోది, కొనేవాడు దొరికినంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు. నోకియా ఫోన్ల విభాగం 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. జులైలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన 18,000 కోతల్లో సుమారు 12,500 అక్కడినుంచి వచ్చినవాళ్లవే.

రాత్రిడ్యూటీ

మీ ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. ఆగిన ఆ నెలల్లో రోజూ చేయాల్సిన పని ఎలా ఉంటుందో కూడా లెక్కలోకి రావాలి.

ఎనిమిది మంది ఉన్న ఆన్‌కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా స్పందించే వంతు) జాబితాలో ఎనిమిది వారాలకోసారి వంతు వస్తుంది. ఐదుగురిని తీసేస్తే మూడు వారాలకోసారి. సర్వీసుల సంఖ్య మాత్రం తగ్గదు, పోయినవాళ్లు రాసిన కోడ్ కూడా మీ నెత్తినే పడుతుంది. పైగా పొదుపు పేరుతో మానిటరింగ్ టూల్ చౌక ప్లాన్‌కు మారుతుంది. 30 రోజుల లాగ్‌లు 7 రోజులకు కుదించుకుపోతాయి. పది రోజుల క్రితం మొదలైన మెమరీ లీక్‌ను (ప్రోగ్రాం మెమరీని వదలకుండా తినేసే లోపాన్ని) పట్టుకోవడానికి ఆధారమే మిగలదు.

లేఆఫ్ రోజు హెచ్ఆర్ జాబితా చూసి ఐటీ వాళ్లు ఖాతాలు మూసేస్తారు. ఆ ఖాతాల పేరు మీద నడుస్తున్నవి ఎవరికీ గుర్తుండవు. బిల్డ్ సర్వర్ కోడ్ తెచ్చుకోవడానికి వాడే టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి తాళం) ఒక ఇంజినీర్ సొంత ఖాతాది అయి ఉంటుంది. అది మూతపడ్డ నిమిషం నుంచి డిప్లాయ్‌మెంట్లు, అంటే కొత్త కోడ్‌ను సర్వర్లలో పెట్టడం, ఆగిపోతాయి. ఇది వెంటనే తెలిసేది కాబట్టి నయం. రాత్రి బ్యాకప్ జాబ్ అలాంటి టోకెన్‌తోనే నడుస్తూ, ఫెయిలైతే వచ్చే మెయిల్ కూడా ఆ మూసిన ఇన్‌బాక్స్‌కే పోతుంటే, రిస్టోర్ చేయాల్సిన రోజు దాకా ఎవరికీ తెలియదు. డొమైన్ రెన్యువల్ వెళ్లిపోయిన మేనేజర్ క్రెడిట్ కార్డు మీద ఉంటుంది. వెబ్‌సైట్ భద్రతకు వాడే 90 రోజుల సర్టిఫికెట్లను రెన్యూ చేసే స్క్రిప్టు ఆగిపోతే ఆ దెబ్బ అదే వారంలో తగలదు, రెండు మూడు నెలల్లోపు ఎప్పుడో తగులుతుంది. అప్పటికి ఆ స్క్రిప్టు ఏ మెషీన్‌లో ఉందో చెప్పేవాళ్లు ఉండరు.

ఉండాలని నిర్ణయించుకున్నవాళ్లు మొదటి వారంలోనే చేయాల్సింది ఒకటుంది. షెడ్యూల్డ్ జాబ్‌లు, టోకెన్లు, సర్టిఫికెట్లు, డొమైన్లు, బిల్లింగ్ కార్డులు ఒక షీట్‌లో రాసి, ప్రతిదానికీ యజమాని పేరు పెట్టండి. మనిషి పేరున్నవన్నీ ఏ ఒక్కరికీ చెందని సర్వీస్ ఖాతాలకు మార్చండి. బ్యాకప్‌ను నిజంగా ఒకసారి రిస్టోర్ చేసి చూడండి. ఆ తర్వాత మేనేజర్‌ను కూర్చోబెట్టి, ఏ సర్వీసులకు రాత్రిపూట లేవాలో, ఏవి పొద్దున దాకా ఆగొచ్చో రాతపూర్వకంగా ఒప్పించండి. దీనికి ఒప్పుకోని మేనేజర్ దగ్గర సెవరెన్స్ ఎంత వచ్చినా ఆగకండి. ఆరోగ్యం పోతుంది.

చిన్నవాటా

స్టాక్ ఆప్షన్ల (కంపెనీ షేర్లను ముందే ఖాయమైన ధరకు కొనే హక్కుల) మాట ఎవరూ ఎత్తలేదు. చాలామంది ఆగేది దానికోసమే.

లిస్ట్ కాని కంపెనీ అయితే ముందు అడగాల్సింది ఇన్వెస్టర్ల లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఎంత అని. ఇన్వెస్టర్లు 12 కోట్ల డాలర్లు పెట్టారు, పెట్టింది ముందు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది, కంపెనీ 10 కోట్లకు అమ్ముడుపోయింది అనుకోండి. ఉద్యోగుల కామన్ షేర్లకు వచ్చేది సున్నా. అప్పులు, లాయర్ల ఫీజులు ఇన్వెస్టర్లకన్నా ముందే పోతాయి. "మన కంపెనీని కొంటున్నారట" అనే వార్త విని సంబరపడేముందు ఈ తీసివేత చేసుకోవాలి. కొన్నవాళ్లు కొందరికి వెళ్లిపోకుండా ఉండేందుకు విడిగా రిటెన్షన్ డబ్బు పెడతారు, కానీ అది షేర్ల విలువ కాదు, పేరు పేరునా రాసే ఒప్పందం.

మానేశాక వెస్ట్ అయిన (మీ హక్కుగా ఖాయమైన) ఆప్షన్లను కొనుక్కోవడానికి సాధారణంగా 90 రోజులే గడువు. ఆ ధర, దానిమీద పన్ను జేబులోంచి కట్టాలి. మునిగే కంపెనీలో అలా కట్టడం అంటే జీతం పోయాక పొదుపు కూడా పోగొట్టుకోవడమే. లిస్టెడ్ కంపెనీ ఆర్ఎస్‌యూలు (కొనకుండానే ఉద్యోగికి వచ్చే షేర్లు) వేరు. వచ్చే వెస్టింగ్ తేదీ మూడు వారాల్లో ఉంటే ఆగండి, అమ్మగానే డబ్బు చేతికొస్తుంది.

నిదానం

రిటెన్షన్ బోనస్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లెటర్‌లో రెండు వాక్యాలు వెతకండి. బోనస్ ఇస్తామన్న తేదీకి ముందే కంపెనీ మిమ్మల్ని తీసేస్తే బోనస్ ఇస్తారా? ముందే ఇచ్చేసి ఉంటే, మీరు మానేసినప్పుడు వెనక్కి కట్టాల్సింది పన్ను పోను చేతికొచ్చినదా, మొత్తమా? "మొత్తం" అని ఉంటే చేతికి రాని డబ్బు కూడా కట్టాల్సి వస్తుంది. సంతకానికి ముందు అడిగితే మార్చే అవకాశం ఉంటుంది, తర్వాత ఉండదు.

వింధ్య

ఇంకో ప్రశ్న. బయట ఆఫర్ చేతిలో ఉంది, లేఆఫ్ వచ్చే నెలలోనే అని గుసగుస. ఇప్పుడే రాజీనామా ఇచ్చి నోటీస్‌లో ఉంటే, ఆ జాబితాలో పేరుండి సెవరెన్స్ వచ్చే వీలుందా?

ఖాతాపుస్తకం

చాలా పాలసీల్లో రాజీనామా ఇచ్చినవాళ్లకు సెవరెన్స్ ఉండదు. చేయగలిగింది ఒకటి: స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకు ప్యాకేజీ ఏమైనా ఉందా అని మేనేజర్‌ను నోటిమాటగా అడగడం. ఎలాగూ ఉద్యోగుల సంఖ్య తగ్గించుకోవాలి కాబట్టి వాళ్లకూ అది కలిసొచ్చే మాటే. ఒప్పుకోకపోతే కొత్త చోట చేరే తేదీని రెండు మూడు వారాలు జరపమని అడిగి చూడండి. అంతకుమించి ఆఫర్‌ను వదులుకునేంతగా సాగదీయొద్దు, గుసగుసలకు తేదీ ఉండదు.

ఒకటి మాత్రం ఇవాళే చేయండి. పే స్లిప్‌లు, ఆఫర్ లెటర్, స్టాక్ గ్రాంట్ పత్రాలు, అప్రైజల్ లెటర్లు, రావాల్సిన ఖర్చుల బిల్లులు సొంత మెయిల్‌లో దాచుకోండి. లేఆఫ్ కాల్ ముగిసేలోపే లాగిన్ పోవచ్చు. కోడ్, కస్టమర్ల వివరాలు మాత్రం ఒక్క ఫైలు కూడా తీసుకోవద్దు. సెవరెన్స్ రద్దు చేయడానికి వాళ్లకు అదే సాకు అవుతుంది. జీతంలో కోసిన రిటైర్‌మెంట్ డబ్బు ఫండ్ ఖాతాలో నెలనెలా నిజంగా పడుతోందో కూడా చూడండి. అది ఒక్క నెల ఆలస్యమైనా, నేనైతే సెవరెన్స్ లెక్కలు పక్కనపెట్టి ఆఫర్ తీసుకుంటాను.

రాత్రిడ్యూటీ

సెవరెన్స్ కాగితం వస్తే ఆ కాల్‌లోనే సంతకం పెట్టకండి. దానికి బదులుగా కంపెనీ మీద మీకున్న క్లెయిములు వదులుకుంటున్నట్టు రాసి ఉంటుంది. గడువు ఎంతో అడిగి, కాగితాన్ని ఒక లాయర్‌కు చూపించండి. వాడని సెలవుల డబ్బు, బకాయి జీతం ఆ ప్యాకేజీలో కలిపేశారేమో చూడండి. అవి ఎలాగూ మీకు రావాల్సినవైతే విడిగా చూపించమనండి. పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు కొత్తగా దూర్చారేమో కూడా చదవండి. ఒక్కసారికి ఇచ్చే మొత్తమా, నెలనెలా వాయిదాలా అన్నది ఆఖరున కాదు, ముందే అడగండి. నార్టెల్‌లో ఆగిపోయినవి వాయిదాలే.