పాతికమంది ఒకేసారి వస్తే క్యాజువాలిటీ గుమ్మం దగ్గర నిర్ణయం ఎవరిది?

నర్సింగ్ ట్యూటర్, సూర్యాపేట:
మా కళాశాలలో ఈ వాదన తేలలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. పెద్ద ప్రమాదం జరిగి క్షతగాత్రులు ఒక్కసారిగా వచ్చినప్పుడు, ఎవరికి ముందు చికిత్స అందాలో గుమ్మం దగ్గరే వేరుచేసే పనిని, అంటే ట్రయాజ్‌ను, స్టాఫ్ నర్సుకు అప్పగించాలా, డ్యూటీ డాక్టరే చేయాలా?

స్టాఫ్ నర్సు, నల్గొండ జిల్లా:
నర్సుకే అప్పగించాలి. విజయవాడ రహదారిపై చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా ఎక్కడ బస్సు బోల్తాపడినా, రాత్రిపూట మాలాంటి ఆసుపత్రిలో ఉండేది ఒక్క డాక్టరు, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు. 108 కంటే ముందే ఆటోల్లో, దారినపోయే కార్లలో దెబ్బలు తక్కువ తగిలినవారు వచ్చేస్తారు. ఉన్న మంచాలు వారితోనే నిండిపోతాయి.

నేను మరచిపోలేని రాత్రి ఒకటుంది. నుదురు చిట్లిన కుర్రవాడి కేకలు విని అందరం అటే పరుగెత్తాం. ఆటో డ్రైవరు భుజం పట్టుకుని నడిచివచ్చిన ఒక పెద్దాయన గోడవార బెంచీమీద కూర్చుని, “నాకేం కాలే బిడ్డా, ముందు మా ఆమెను సూడు” అన్నాడు. అరగంట తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంటే మంచులా చల్లగా, చెమటతో తడిసి ఉంది. మణికట్టు దగ్గర నాడి అందలేదు. కడుపులో రక్తస్రావం. పెద్దాసుపత్రికి పంపాం, దారిలోనే ప్రాణం పోయింది. ఆ అరగంటా మా డాక్టరు ఒకవైపు కుట్లు వేస్తూ, మరోవైపు ఎం.ఎల్.సి. రిజిస్టరు, అంటే పోలీసు కేసయ్యే గాయాల వివరాల పుస్తకం, రాస్తూ ఉన్నారు.

స్టార్ట్ అనే ట్రయాజ్ పద్ధతిలో నడవగలిగినవారికి ఆకుపచ్చ పట్టీ కట్టి పక్కకు పంపాక, మిగిలినవారిలో చూడవలసినవి మూడే: ఊపిరి నిమిషానికి 30 దాటిందా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, చెప్పిన మాట విని చేస్తున్నారా. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎరుపు, అంటే వెంటనే చికిత్స; లేకుంటే పసుపు, అంటే కాస్త ఆగవచ్చు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టని ఈ పని మాకు రాదని ఎలా అంటారు?

క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్, మహబూబ్‌నగర్:
సిస్టర్ గారి బాధ నాకు తెలుసు, కానీ ఆమె చెప్పిన పద్ధతిలోనే ఆ పెద్దాయనకు ఆకుపచ్చ పట్టీ పడేది, ఎందుకంటే ఆయన నడిచివచ్చారు. ముఖం పాలిపోవడం, పొట్ట గట్టిపడడం గమనించడానికి వైద్యుడి కన్ను కావాలి. నల్ల పట్టీ సంగతి ఇంకా కష్టం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మా ఉమ్మడి జిల్లాలోని పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. అంతటి దుఃఖంతో వచ్చిన బంధువుల ముందు ‘ఈయనకు ఇక చికిత్స లేదు’ అనే గుర్తును నర్సు చేత కట్టిస్తే, వారి కోపమంతా ఆమెమీదే పడుతుంది. మరణ ధ్రువీకరణ చట్టప్రకారం వైద్యుడి పని.

స్టాఫ్ నర్సు, నల్గొండ జిల్లా:
సార్, మొదటి మాట ఒప్పుకుంటున్నాను. ఆయనకు ఆకుపచ్చే పడేది. అందుకే ట్రయాజ్ ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. పావుగంటకొకసారి బెంచీ దగ్గరికి వెళ్లి మళ్లీ చెయ్యి పట్టుకుని చూసే మనిషి కావాలి. మొదటి ఎరుపు పట్టీ లోపలికి రాగానే మీరు గుమ్మం వదిలి టేబుల్ దగ్గరికి వెళ్లక తప్పదు, వెళ్లాలి కూడా. మీరు వెళ్లాక గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. ఆ రాత్రి జరిగింది అదే.

నల్ల పట్టీ మరణ ధ్రువీకరణ కాదు. శ్వాసమార్గం తెరిచినా ఊపిరి రాకపోతే పక్కన పెట్టడం మా పని, ధ్రువీకరించడం మీ పని. కోపం సంగతి నిజమే. కాబట్టి ఏ షిఫ్టులో ఏ నర్సు ట్రయాజ్ చేస్తుందో సూపరింటెండెంటు గారు ముందే రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, ఆమె పక్కన ఒక సెక్యూరిటీ గార్డు ఉండాలి. చట్టపరమైన లాంఛనాలకంటే ప్రాణరక్షణే ముందని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది కనుక, ఎం.ఎల్.సి. రాత కోసం వైద్యుడు ఆగవలసిన అవసరం కూడా లేదు.

మాక్ డ్రిల్ మాత్రం అందరూ ఉండే పగటిపూట కాకుండా, రాత్రి రెండు గంటలకు, ఉన్న ముగ్గురితోనే చేయించి చూడండి. గుమ్మం దగ్గర ఎవరు మిగులుతారో మీకే కనిపిస్తుంది.