ఆర్‌వీజీ సెన్సర్: 20 మైక్రాన్లా, 30 మైక్రాన్లా? పండ్ల నడుమ పిప్పి కోసం

ప్రశ్న (దేవరకొండ):
పంటి ఎక్స్‌రేను కంప్యూటర్‌ల చూపే ఆర్‌వీజీ సెన్సర్లు రెండు చూసిన. ఒకదాని పిక్సెల్ (బొమ్మల ఒక చుక్క) 20 మైక్రాన్లు, ఇంకోదానిది 30. ధరల చానా తేడా ఉంది. ఎనామెల్ (పంటి పై పొర) దాటని పిప్పి దొరకాలంటే 20 కావాల్సిందేనా? ఇప్పుడున్న దాంట్ల ప్రీమోలార్ల (కోరపన్ను వెనక రెండు పండ్ల) నడుమ ఏం తేలుతలేదు.

జవాబు (నల్లగొండ):
30 తీసుకోండి డాక్టర్ గారూ. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరుకు 25 లైన్ పెయిర్లు (విడిగా కనబడే నలుపు–తెలుపు గీతల జతలు), 30 అంటే దగ్గర దగ్గర 17. కానీ అది కాగితం మీది లెక్క. సింటిలేటర్‌ల (ఎక్స్‌రేను వెలుగుగా మార్చే పొరల) వెలుగు పక్కలకు పాకుతది, ట్యూబ్ ఫోకల్ స్పాట్ (ఎక్స్‌రే పుట్టే చోటు) అంచుల్ని మసక చేస్తది, పేషెంట్ కొంచెం కదిలినా పాయె. పైగా 30–40 శాతం ఖనిజం పోతేగాని పిప్పి ఎక్స్‌రేల కనబడదు. అక్కడ కావాల్సింది కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా.

ప్రీమోలార్ల సంగతి సెన్సర్‌ది కాకపోవచ్చు, కోణానిది. ఎనామెల్ ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా వస్తున్నదా చూడండి. అట్లొస్తే ఏ సెన్సరైనా గుడ్డిదే. బైట్‌వింగ్ హోల్డర్ (పేషెంట్ కొరికి పట్టేది, సెన్సర్‌ను నిలబెడతది) వాడండి, కిరణం కాంటాక్ట్‌ల (పండ్లు ఆనుకునే చోట్ల) నడుమ నుంచి నేరుగా పోవాలె. ప్రీమోలార్లకు, మోలార్లకు (వెనకటి దవడ పండ్లకు) కోణం వేరు గనుక ఒక్కో పక్కకు రెండు ఎక్స్‌రేలు. ప్రీమోలార్ల దాంట్ల సెన్సర్ ముందంచు కనైన్ (కోరపన్ను) సగం దాకా రావాలె.

జవాబు (మహబూబ్‌నగర్):
ఎక్స్‌పోజర్ కూడా చూడన్నా. టైమ్ తక్కువైతే ఇసుక చల్లినట్టు నాయిస్, ఎక్కువైతే పల్చటి ఎనామెల్ నల్లబడి మాయం. తీసేసిన ప్రీమోలార్లు రెండు మైనంల ఆనించి పెట్టి, 60–65 కేవీ (ట్యూబ్ వోల్టేజీ) మీద టైమ్ మార్చుకుంట తీయి. ఎనామెల్–డెంటిన్ (దాని లోపలి పొర) గీత తేటగా కనబడే అతి తక్కువ టైమ్ రాసిపెట్టుకో, నోట్లె దాని నుంచి మొదలుపెట్టు.

షార్పెన్ ఫిల్టర్ ముందే వేయకు. ఫిల్లింగ్ పక్కన లేని నల్లగీత పుట్టిస్తది, పిప్పి అనుకొని మంచి పన్ను కోస్తరు. గదిల లైట్లు తగ్గించి చూడు. వాట్సాప్‌ల ఫొటోగా వచ్చిన ఎక్స్‌రే మీద నిర్ణయం వద్దు, అది కుదించి పంపుతది. అసలు ఫైల్ డాక్యుమెంట్‌గా తెప్పించుకో.

ప్రశ్న (దేవరకొండ):
మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్ పండ్లల్ల ఎక్స్‌రేల చానా నల్ల మచ్చలు వస్తున్నయి. ఎట్ల తేల్చుకోవాలె?

జవాబు (నల్లగొండ):
చెంప వైపు ఎనామెల్ గుంటలు క్రౌన్ (చిగురు బయటి పంటి భాగం) మీద పడి అట్ల కనబడతయి. ట్యూబ్ కొంచెం పక్కకు జరిపి ఇంకోటి తీయండి: చెంప వైపుదైతే మచ్చ ట్యూబ్‌కు ఎదురు దిక్కు జరుగుతది. నడుమ పిప్పి కాంటాక్ట్‌కు కొంచెం చిగురు వైపు, మొన డెంటిన్ వైపు ఉన్న త్రికోణం లెక్క ఉంటది. పంటి మెడ దగ్గర, ఎనామెల్ అంచుకు ఎముక అంచుకు నడుమ మసక నలుపు ఉంటే సర్వైకల్ బర్నవుట్ (పిప్పి కాదు, ఉత్త నీడ) కావచ్చు. పన్ను గాలితో ఆరబెట్టి కంటితో చూడకుండ మాత్రం డ్రిల్ పట్టకండి.