వెల్డింగ్ హెల్మెట్ లోపల పెట్టుకునే భూతద్దం ఏ పవరులో తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. పాలకొల్లు పరిసరాల్లో రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల ఫ్రేములకు, ట్రాక్టర్ ట్రక్కులకు ఆర్క్ వెల్డింగ్ చేసే నాకు 45 ఏళ్లు దాటాక చత్వారం వచ్చింది. దూరపు చూపు బాగానే ఉన్నా, 10వ నంబరు నల్ల అద్దం వెనుక నుంచి చూసేటప్పుడు కరిగిన లోహపు అంచు, దాని వెనుక పేరుకునే స్లాగు (మడ్డి పొర) ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రాడ్డు జాయింటు మీదే నడుస్తోందో పక్కకు జరిగిందో తెలియడం లేదు. ఉప్పునీటిలో నిలవవలసిన ఫ్రేముకు అతుకులో సన్నని సందు మిగిలినా అక్కడే తుప్పు మొదలవుతుంది కాబట్టి, దీన్ని తేలికగా తీసుకోలేకపోతున్నాను.

కంటి డాక్టరు గారు రాసిచ్చిన బైఫోకల్ కళ్లజోడులో దగ్గర చూపు భాగం అడుగున ఉండడం వల్ల హెల్మెట్‌లో తల వెనక్కి వాల్చి చూడవలసి వస్తోంది. పైగా మన డెల్టా ఉక్కపోతకు అద్దాలకు ఆవిరి పడుతోంది. అందుకే నల్ల అద్దానికి లోపలి వైపు అమర్చుకునే, 2 అంగుళాల వెడల్పు, నాలుగుంపావు అంగుళాల పొడవు గల భూతద్దం కొనాలనుకుంటున్నాను. నా చీటీలో దగ్గర చూపు పవరు 1.75 అని ఉంది. 2.00 పవరుకు చూపు సుమారు 50 సెంటీమీటర్ల వద్ద, 2.50 పవరుకు 40 సెంటీమీటర్ల వద్ద కుదురుతుందని లెక్క. నేను పని చేసేది దాదాపు ఈ రెండింటి మధ్య దూరంలోనే.

ఇలాంటి అద్దం వాడుతున్న వెల్డర్లు దయచేసి చెప్పండి: చీటీలోని పవరే తీసుకోవాలా, కొంచెం ఎక్కువ తీసుకోవాలా? రోజంతా వాడితే తలనొప్పి వస్తుందా? రాజమహేంద్రవరంలో గానీ భీమవరంలో గానీ ఇవి విడిగా దొరుకుతాయా?